తోడేళ్ళ పద్దు

1991లో, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నాకు జనాభా లెక్కల డ్యూటీ పడింది. చంకలో కాగితాల కట్ట, చేతిలో పెన్ను పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం. ఒక ఇంట్లో నేనడిగిన ప్రతి ప్రశ్నకీ అత్తగారే జవాబు చెబుతోంది. కోడలు తలుపు పక్కన నిలబడింది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. నా చూపు అటు పోవడం చూసి, గంజి వారుస్తుంటే ఒలికిందని అత్తగారే చెప్పింది. నేను అడగలేదు. అడగమని నా కాగితంలోనూ లేదు. పేరు, వయసు, పెళ్ళయిందా లేదా, చదువు, పని... గడులన్నీ నింపుకుని చెప్పులేసుకుని వచ్చేశాను. నా లెక్కలో ఒక్క తప్పు కూడా లేదు.

ఆ కట్టు సంగతి మర్చిపోయాను కూడా. చాలా ఏళ్ళ తర్వాత పండిత రమాబాయి పుస్తకం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. అమృతసర్ పట్టణంలో ఒక్క ఏడాదిలో 300 మంది పిల్లల్ని తోడేళ్ళు ఎత్తుకుపోయాయని 1870 నాటి లెక్కల్లో ఉందని ఆవిడ రాసింది. ఆ మూడు వందల మందీ ఆడపిల్లలేనట!

ఏం, తోడేళ్ళకి మగపిల్లలు రుచించలేదా?

లెక్క రాసినవాడు సొంతంగా అబద్ధం రాయలేదు. ఇంటివాళ్ళు చెప్పింది రాసుకున్నాడు. ఎంతమంది పోయారో సరిగ్గానే తేలింది. ఎలా పోయారన్న చోట మాత్రం తోడేలు కూర్చుంది. పసికందుల్ని ఎవరు చంపారో అందరికీ తెలుసు, కాగితానికి తప్ప. అది చదవగానే నాకు తలుపు పక్కన నిలబడ్డ ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఆ రోజు గంజి అని నేను రాసుకోలేదు గానీ, నమ్మినట్టు తలూపి వచ్చాను కదా! అప్పట్నుంచీ రమాబాయి గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను.

గోదావరి ఒడ్డున కుదిరిన పెళ్ళి

ఆవిడ కథ వాళ్ళమ్మ పెళ్ళితో మొదలుపెట్టాలి. యాత్రకి బయల్దేరిన ఒక కుటుంబం గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో మకాం వేసింది. వాళ్ళకి తొమ్మిదేళ్ళ కూతురు. పొద్దున్నే తండ్రి స్నానానికి వెళితే రేవులో ఒక చక్కటి మనిషి కనిపించాడు. ఊరూ పేరూ, కులగోత్రాలూ అడిగాడు. భార్య పోయిందని తెలిసింది. పిల్లనిస్తానన్నాడు. గంటలో మాట ఖాయమైంది, మర్నాడు పెళ్ళయిపోయింది. పిల్లని తీసుకుని అల్లుడు దాదాపు 900 మైళ్ళ దూరం వెళ్ళిపోయాడు. ఆ అల్లుడి పేరు అనంతశాస్త్రి డోంగ్రే. ఆ పిల్ల లక్ష్మీబాయి.

అదృష్టం కొద్దీ అతను మంచివాడు. భార్యని ప్రేమగా చూసుకున్నాడు, చదివించాడు. రమాబాయి ఈ కథ రాసి, ఇలా కలిసిరావడం ఏ కొద్దిమందికో జరుగుతుందని నిక్కచ్చిగా చెప్పింది. మా అమ్మ సుఖపడింది కాబట్టి లోకంలో అందరూ సుఖంగానే ఉన్నారని ఆవిడ అనుకోలేదు. మనం ఎన్నిసార్లు అనుకోలేదు చెప్పండి, మా ఇంట్లో అలాంటివేం లేవమ్మా అని!

అనంతశాస్త్రి సంస్కృతంలో దిట్ట. ఆడవాళ్ళకి ఆ భాష నేర్పకూడదన్న రోజుల్లో భార్యకి నేర్పాడు. తోటి పండితులు తప్పుపడితే శాస్త్రాలు చూపించి మరీ వాదించాడు. పడమటి కనుమల్లో గంగామూల అనే చోట అడవిలో కాపురం పెట్టాడు. 1858 ఏప్రిల్ 23న రమాబాయి అక్కడ పుట్టింది. ఇంకా నెలల పిల్లగా ఉండగానే పేము పెట్టెలో పడుకోబెట్టి కొండ దింపారు. అప్పట్నుంచీ ఆ సంసారం క్షేత్రాలు తిరుగుతూనే ఉంది. గుళ్ళలో పురాణాలు చదవడం, విన్నవాళ్ళు ఇచ్చినదాంతో గడపడం. అలా తిరుగుతూనే తల్లి దగ్గర సంస్కృతం నేర్చుకుంది రమాబాయి. పదిహేనేళ్ళు వచ్చేసరికి వేల శ్లోకాలు నోటికొచ్చేవి.

తిరుపతి అడవిలో పదకొండు రోజులు

తర్వాత మద్రాసు రాజధానిలో కరువొచ్చింది. దాచుకున్నదంతా దానధర్మాలకీ తీర్థాలకీ ఖర్చయిపోయింది. కూలి పని చేద్దామంటే అలవాటు లేదు, అడుక్కుందామంటే నామోషీ. ఆ రోజుల్లో వాళ్ళు మన తిరుపతిలో ఉన్నారు. చివరి బియ్యపు గింజ కూడా అయిపోయిన రాత్రి, అయినవాళ్ళ మధ్య పరువు పోగొట్టుకునే కన్నా అడవిలో చావడం మేలనుకుని అందరూ కలిసి అడవిలోకి నడిచారు. ఆకులూ, నీళ్ళూ, పండ్లూ తిని పదకొండు రోజులు బతికారు. 1874లో తండ్రి పోయాడు. కొన్నాళ్ళకే తల్లి, ఆ తర్వాత అక్క. పదహారేళ్ళ రమాబాయి, అన్న శ్రీనివాసుడు మిగిలారు.

అన్నాచెల్లెళ్ళు కాలినడకన వేల మైళ్ళు తిరిగారు. కొన్ని రాత్రులు చలికి తట్టుకోలేక గోతులు తవ్వుకుని, మట్టి కప్పుకుని పడుకున్నారు. ఆ దారిలో ఊరూరా ఎందరో ఆడవాళ్ళు కనిపించారు. బోడితలతో వంటింట్లో మగ్గే పసి వితంతువులు, అత్తింటి దెబ్బలు తినే పదేళ్ళ కోడళ్ళు. తర్వాతి రోజుల్లో ఆవిడ అంకెలు పట్టుకుని మాట్లాడినప్పుడు, ప్రతి అంకె వెనకా తను చూసిన మొహాలున్నాయి.

1878లో కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ళ పిల్ల సంస్కృతంలో ధారాళంగా మాట్లాడుతుంటే పండితులు ఆశ్చర్యపోయి పండిత అనీ, సరస్వతి అనీ బిరుదులిచ్చారు. 1880లో అన్న కూడా పోయాడు. అదే ఏడాది బిపిన్ బిహారీ దాస్ అనే బెంగాలీ వకీలుని పెళ్ళి చేసుకుంది. కులం వేరు, భాష వేరు. రిజిస్టరు పెళ్ళి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. దేశమంతటా ఒకేసారి జనాభా లెక్క రాసింది మొదటగా 1881 ఫిబ్రవరి 17న. ఆ రోజు రమాబాయిని భర్త ఉన్న ఆడవాళ్ళ గడిలోనే రాసుంటారు. ఏప్రిల్‌లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరి 4న భర్త కలరాతో పోయాడు. ఏడాది తిరక్కుండానే ఆవిడ వితంతువుల గడిలోకి వచ్చేసింది. వయసు 23, చంకలో పది నెలల పిల్ల. మన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న, అంటే అంతకు రెండు నెలల ముందే. కాలం ఎటు తిరుగుతోందో దీన్నిబట్టి ఊహించుకోండి.

కమిషన్ ముందు ఒక వితంతువు

కూతుర్ని తీసుకుని రమాబాయి పూనా చేరింది. ఆర్య మహిళా సమాజం పెట్టింది. స్త్రీ ధర్మ నీతి అనే పుస్తకం మరాఠీలో రాసింది. ఆ ఏడాదే చదువుల సంగతి విచారించడానికి హంటర్ కమిషన్ వచ్చింది. దాని ముందు నిలబడి మూడు విషయాలు అడిగింది. ఆడపిల్లలకి చెప్పడానికి ఆడ పంతుళ్ళు కావాలి. బడులు తనిఖీ చేయడానికి ఆడ ఇన్‌స్పెక్టర్లు కావాలి. ఆడవాళ్ళకి వైద్యం చేయడానికి ఆడ డాక్టర్లు కావాలి. మగ డాక్టరు ముందు నోరు విప్పలేక అన్యాయంగా చచ్చిపోతున్నవాళ్ళు ఎందరో ఉన్నారని గట్టిగా చెప్పింది.

ఆడ డాక్టరుకీ లెక్కలకీ సంబంధమేమిటి అంటారా? ఉంది. చెప్పుకోవడానికి మనిషి లేకపోతే దెబ్బ రిజిస్టరులోకి ఎక్కదు. 1885లో లేడీ డఫరిన్ పేరు మీద నిధి ఏర్పడి, ఆడ డాక్టర్లకి చదువూ, ఆడవాళ్ళకి ఆస్పత్రులూ రావడం మొదలైంది. 1890లో కలకత్తాలో ఫుల్మోనీ అనే పదకొండేళ్ళ పిల్ల, భర్త చేసిన పనికి ప్రాణం పోగొట్టుకుంది. అప్పుడు మన దేశంలో పనిచేస్తున్న ఆడ డాక్టర్లు 50 మందికి పైగా సంతకాలు పెట్టి, తాము స్వయంగా చూసిన ఇలాంటి కేసుల జాబితా వైస్రాయికి పంపారు. ఏ పిల్లకి ఏమైందో అందులో ఉంది. 1891లో చట్టం మారి, పది ఉన్న వయసు పన్నెండయింది. చాలా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఎన్నో ఏళ్ళుగా ఇళ్ళలో గుసగుసగా ఉన్న మాట వరసగా కాగితం మీదికి వచ్చేసరికి, సర్కారు విననట్టు నటించలేకపోయింది.

అంకెలకి నోరిచ్చిన పుస్తకం

1883లో రమాబాయి డాక్టరీ చదువుదామని ఇంగ్లండు వెళ్ళింది. చెవి సరిగా వినపడక ఆ చదువు కుదరలేదు. అక్కడే క్రైస్తవం తీసుకుంది. చెల్టెన్‌హామ్‌లో సంస్కృతం పాఠాలు చెప్పింది. 1886లో ఆనందీబాయి జోషీ అమెరికాలో డాక్టరు పట్టా తీసుకుంటుంటే చూడ్డానికి ఫిలడెల్ఫియా వెళ్ళింది. ఆ ఊళ్ళోనే 1887లో ది హై కాస్ట్ హిందూ ఉమన్ అనే పుస్తకం అచ్చయింది. దాన్ని వాళ్ళమ్మకి అంకితమిచ్చింది.

చిన్న పుస్తకం. కథలున్నాయి, శాస్త్రాల్లో మాటలున్నాయి. వాటి పక్కనే 1881 జనాభా లెక్కల అంకెలున్నాయి. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు 50 లక్షలకి పైగా తక్కువున్నారని ఎత్తి చూపించింది. వీళ్ళంతా ఏమైనట్టు అని అడిగి, కొన్ని చోట్ల పుట్టగానే చంపేయడం, అన్నిచోట్లా జబ్బు చేసినా వైద్యం చేయించకపోవడం అని తనే జవాబు చెప్పింది.

తర్వాత వితంతువుల లెక్క. మొత్తం 2 కోట్ల 9 లక్షల పైచిలుకు. అందులో పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళు 6,69,100 మంది. ఇంకా విడదీసి చూపించింది. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళు 3,82,736. పది నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళు 2,07,388. తొమ్మిదేళ్ళు, అంతకు లోపు పిల్లలు 78,976.

ఆ చివరి అంకె దగ్గర నాకు కాసేపు చదవబుద్ధి కాలేదు. మా బళ్ళో మూడో తరగతి పిల్లలు కళ్ళముందు మెదిలారు. ఆ లెక్క రాసింది సర్కారు. అచ్చువేసి బీరువాలో పెట్టింది కూడా సర్కారే. వితంతువు అన్న గడిలో తొమ్మిదేళ్ళ వయసు పడటం చూసి ఇదేమిటని అడిగింది మాత్రం, ఆ గడిలో తనూ ఉన్న ఒక ఆడమనిషి.

పుస్తకం ఊరికే పోలేదు. బోస్టన్‌లో రమాబాయి పేరు మీద సంఘం ఏర్పడింది. వితంతువుల బడికి పదేళ్ళపాటు డబ్బు పంపడానికి ఒప్పుకుంది. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ మొదలైంది. మొదటి విద్యార్థినుల్లో గోదూబాయి అనే వితంతువు ఉంది. 1893లో ధోండో కేశవ కర్వే గారు పెళ్ళి చేసుకున్నది ఈవిడనే. ఆడవాళ్ళ విశ్వవిద్యాలయం పెట్టిన మహానుభావుడు ఆయనే.

మెచ్చుకోనివాళ్ళూ ఉన్నారు

రమాబాయి జీవితమంతా చప్పట్లే అనుకోకండి. శారదా సదన్‌లో మతం జోలికి పోనని మాటిచ్చింది. కానీ ఆవిడ ప్రార్థన చేసుకునే గది తలుపు తీసే ఉండేది. పిల్లలు కొందరు వెళ్ళి కూచునేవారు. 1893లో పూనాలో పెద్ద గొడవైంది. కేసరి పత్రిక దుమ్మెత్తిపోసింది. అండగా నిలిచిన రానడే, భండార్కర్ గార్లు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది పిల్లల్ని ఇళ్ళకి తీసుకుపోయారు. ఇందులో ఆవిడ తప్పు బొత్తిగా లేదని నేననను. పిల్లల్ని నమ్మి పంపినవాళ్ళకి బాధ కలగడం సహజమే. కానీ అలా తీసుకుపోయిన పిల్లలు మళ్ళీ ఏ వంటింట్లోకి వెళ్ళారో, వాళ్ళ గురించి ఎవరు పట్టించుకున్నారో అన్న ప్రశ్న కూడా నన్ను వదల్లేదు.

1896లో మధ్య పరగణాల్లో కరువొచ్చింది. తిరుపతి అడవి మర్చిపోని మనిషి కదా, ఇంట్లో కూర్చోలేకపోయింది. సర్కారు సహాయ శిబిరాలు చూడ్డానికి వెళ్ళింది. కాగితాల మీద చూస్తే ఇంతమందికి అన్నం పెట్టాం, ఇంతమందికి పని ఇచ్చాం అని ఉంటుంది. లోపలికి వెళ్ళి చూస్తే దిక్కులేని ఆడపిల్లలు, వాళ్ళ ఆకలితో బేరం చేసే మగవాళ్ళు. చూసింది చూసినట్టు రాసి అచ్చు వేయించింది. 300 మంది పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పూనా దగ్గర కేడ్‌గావ్‌లో వాళ్ళ కోసం ముక్తి సదన్ వెలిసింది. 1900 గుజరాత్ కరువు తర్వాత అక్కడ ఉన్నవాళ్ళు దాదాపు రెండు వేలకి చేరారు. చదువుతో పాటు నేత, వ్యవసాయం, పాడి, అచ్చు పని నేర్పారు. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు ఆస్పత్రి శిబిరంలో ఆడవాళ్ళని చూస్తున్న తీరు మీదా పత్రికకి రాసింది. తెల్లదొరలకి కోపమొచ్చినా వెనక్కి తగ్గలేదు.

1921 జూలైలో కూతురు మనోరమ చనిపోయింది. తొమ్మిది నెలలు తిరక్కుండా, 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసింది. 1989లో ఆవిడ బొమ్మతో మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

తోడేళ్ళు ఇంకా ఉన్నాయి

ఇప్పుడు అలాంటి రాతలెక్కడివి అనుకుంటున్నారా? పేపర్లలో ఎన్నేళ్ళు చదివాం, స్టవ్ పేలి గృహిణి మృతి, కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య అని! స్టవ్ మామగారి మీద పేలినట్టు నేనెప్పుడూ చదవలేదు. 1986లో చట్టంలో 304-బి సెక్షన్ చేర్చాక గానీ వరకట్న మరణం అని వేరే పేరు లేదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు కాలిన గాయాలతోనో, అసహజంగానో చనిపోతే, అంతకుముందు కట్నం కోసం వేధించారని తేలితే, అది ఆ కిందికే వస్తుంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 80వ సెక్షన్. 2022లో ఆ పద్దు కింద నమోదైనవి ఆరు వేలకి పైనే. గడికి సరైన పేరు పెట్టగానే తోడేలు కొంత వెనక్కి పోయింది.

అయినా పోలీసు లెక్కలో ఒక చిక్కుంది. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క కట్టేటప్పుడు, ఒక కేసులో నాలుగు నేరాలుంటే అన్నింటికన్నా పెద్దదాని కిందే రాస్తారు. చిన్నవి లెక్కలోంచి జారిపోతాయి. ఇక స్టేషన్ దాకా రానివాళ్ళు ఆ పుస్తకంలో అసలే ఉండరు.

అందుకే ఇంటింటి సర్వే ముఖ్యం. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి ఇంట్లో హింస గురించి వివరంగా అడుగుతున్నారు. ఆ పద్ధతి చూస్తే నాకు ముచ్చటేసింది. ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే ఎంచుకుంటారు. ఆమె ఒక్కత్తే ఉన్నప్పుడే అడుగుతారు. పక్కన మనిషి ఉంటే ఆ ప్రశ్నలు వదిలేస్తారు. హింస అని పెద్ద మాట వాడకుండా, చెంపదెబ్బ కొట్టాడా, చెయ్యి మెలిపెట్టాడా, కాల్చాడా అని విడివిడిగా అడుగుతారు. దెబ్బని దెబ్బ అనుకోని వాళ్ళం కదా మనం! 2019-21 సర్వేలో పెళ్ళయిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు, భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. శారీరకంగానో, లైంగికంగానో హింసకి గురైనవాళ్ళలో 77 శాతం మంది ఏ సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సాయం కోరినవాళ్ళు 14 శాతమే.

అంటే ఆ సర్వే మనిషి అడిగిందాకా, ఆ 77 మంది సంగతి కన్నతల్లికి కూడా తెలియదన్నమాట. అడిగే మనిషి, అడిగే చోటు, అడిగే మాట సరిగ్గా ఉంటే ఆడవాళ్ళు చెబుతారు. రమాబాయి 1882లో ఆడ డాక్టర్లు కావాలని అడిగింది ఇందుకే. ఆస్పత్రిలో కాలిన గాయాలతో వచ్చినావిడ దగ్గర అత్తమామల్ని బయటికి పంపి అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి. రాసింది స్టేషన్‌కీ, లెక్కల ఆఫీసుకీ చేరాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెగినా మళ్ళీ తోడేలే దిక్కు.

నా మటుకు నేను ఆ రోజు గురించి చాలాసార్లు అనుకున్నాను. అత్తగారిని ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చిపెట్టమని అడిగి లోపలికి పంపి ఉండొచ్చు. ఆమె తిరిగి వచ్చే లోపల, ఏమైందమ్మా అని ఆ పిల్లని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. నా కాగితంలో దానికి గడి లేదు, నిజమే. గడి లేనంత మాత్రాన అడగకూడదని ఎవరూ చెప్పలేదు కదా. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా, దాహం వెయ్యకపోయినా సరే, ముందు మంచినీళ్ళు అడుగుతున్నాను.